వెయిటింగ్ పీరియడ్ గారికి, పొగతోట నుంచి

గౌరవనీయులైన 30 రోజుల వెయిటింగ్ పీరియడ్ గారికి,

నమస్కారం. నెల్లూరు పొగతోటలో ఆసుపత్రి బిల్లు కట్టేసి, మెట్ల పక్కన బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. అమ్మకు డెంగీ. ప్లేట్‌లెట్లు 28 వేలకు దిగి మళ్లీ ఎక్కాయి, దేవుడి దయ. మీ దయ మాత్రం ఇందులో పైసా లేదు. పాలసీ మొదలైన తొలి నెలలో జబ్బు చేస్తే డబ్బులివ్వొద్దనే షరతు మీరే గదా.

పాత కంపెనీ ఇచ్చిన గ్రూప్ హెల్త్ ఇన్సూరెన్స్ చివరి పనిరోజుతోనే ఆఖరు, కొత్త కంపెనీలో చేరడానికేమో ఇంకా టైముంది. ఆ మధ్యలో అమ్మ పరిస్థితి గాల్లో దీపం కాకూడదనే గదా నేను సొంతంగా హెల్త్ పాలసీ తీసుకుంది! ఏడాది ప్రీమియం ఒక్కసారే కట్టించుకున్నారు, ఈ రోజు నుంచే మీ పాలసీ మొదలని మెసేజ్ కూడా పంపారు. మొదలైంది పాలసీ కాదు, తమరు. తమరి నెల సగం కూడా గడవకముందే జ్వరమొచ్చింది.

ఇన్సూరెన్స్ డెస్క్ దగ్గర అబ్బాయి మంచోడే. మానిటర్ నా వైపు తిప్పి, తమరి పేరున్న లైను కింద గోరుతో గీసి చూపించాడు. "జ్వరాలకు రాదన్నా. అదే బండి మీంచి పడుంటే మొదటి రోజు నుంచే వచ్చేది" అన్నాడు, పాపం ఓదార్పుగానే. అమ్మను ఈ వయసులో ఎవరి బండెక్కించి ఎక్కడ పడెయ్యాలో తమరే సెలవివ్వండి. అయ్యప్పగుడి దగ్గరా, మినీ బైపాసులోనా?

దోమ కుట్టడం మాత్రం యాక్సిడెంట్ కాదా అని వాదిద్దామనుకున్నాను. ఫోన్‌లో వెతికితే ఆ ముచ్చటా తీరిపోయింది. మొజాంబిక్‌లో మలేరియాతో చనిపోయిన ఒకాయన యాక్సిడెంట్ పాలసీ కేసులో, అక్కడ ముగ్గురిలో ఒకరికి ఆ జబ్బు వస్తుంది కాబట్టి దాన్ని అనుకోకుండా జరిగిందని అనలేమని 2019లో సుప్రీంకోర్టే తేల్చేసింది. ఇంక నెల్లూరులో అనుకోకుండా దోమ చేత కుట్టించుకునేదెవరు? మా ఊళ్లో సాయంత్రం ఆరింటికి తలుపులేసుకునేది దొంగల భయంతో కాదు.

రోగం ఒంట్లో పెట్టుకుని వచ్చి పాలసీ కొనేవాళ్లను ఆపడానికే మీరున్నారట. సరే, ఒప్పుకుంటా. కానీ డెంగీని దాచుకునేదెవరయ్యా? కుట్టిన నాలుగు నుంచి పది రోజుల్లో అదే బయటపడుతుంది, దానికి నెల కాపలా ఏంది? 2020లో కరోనా చికిత్సకని కరోనా కవచ్ పాలసీ అమ్మినప్పుడు 15 రోజులకు తగ్గావు గదా! మూడున్నర నెలలకు, ఆరున్నర నెలలకు, తొమ్మిదిన్నర నెలలకు పొట్టి పాలసీలు కూడా అప్పుడు కుదిరాయి. ఉద్యోగం మారేవాడికి మాత్రం ఏడాది ప్రీమియం, నెల ఉపవాసం.

అమెరికాలో ఈ సందుల కోసమే షార్ట్ టర్మ్ ప్లాన్లుంటాయని డాలస్‌లో మా పిన్ని కొడుకు గొప్పగా చెప్పాడు. షుగరుందని రాస్తే అవి మొహం తిప్పుకుంటాయని కూడా వాడే చెప్పాడు. నీ చుట్టాలు అక్కడా ఉన్నారన్నమాట.

పాత కంపెనీ హెచ్ఆర్‌కు కూడా ఒక దండం. ల్యాప్‌టాప్, ఛార్జరు, ఐడీ కార్డు సరే, హెడ్‌సెట్ స్పాంజి ఎందుకూడిందని కూడా అడిగారు. అదే ఇన్సూరెన్స్ కంపెనీలో సొంత పాలసీకి మారితే గ్రూపులో గడిపిన కాలం నీ లెక్కలో కలుస్తుందన్న ముక్క మాత్రం ఒక్కరి నోటా రాలేదు. అమ్మ కంట్లో శుక్లానికి రెండేళ్లు, బీపీకి మూడేళ్లు ఆగమంటున్న మీ అన్నల సంగతి ఇంకోసారి రాస్తా.

పాలసీ నచ్చకపోతే 30 రోజుల్లోపు వెనక్కిచ్చేయొచ్చని కాగితాల్లో ఉంది. ఇచ్చేద్దామని ఫోన్ చేశా. గడిచిన రోజులకు రిస్కు మోసినందుకని రిస్క్ ప్రీమియం, స్టాంపు డ్యూటీ పట్టుకుని మిగతాది వేస్తారంట. జ్వరం నాది కాదన్నోడివి, ఏం రిస్కు మోశావయ్యా నువ్వు? అదయినా సరేనన్నాను. "క్లెయిమ్ పెట్టనివాళ్లకే ఆ సదుపాయం సార్, మీరు పెట్టారు కదా, కనుక్కుని చెప్తాం" అంది ఆ అమ్మాయి.

ఇచ్చింది సున్నా. ఆ సున్నాను కూడా క్లెయిమ్ కింద రాసుకున్నార్రా మీరు?