ఆయిల్ లేని స్టీరింగు, అంతులేని సలహాలు

కారు ఆగిపోతే జనం కారును తోస్తారు. స్టీరింగు బిగుసుకుపోతే మాత్రం సలహాలు తోస్తారు.

మొన్న రాత్రి అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో కారు వెనక్కి పెడుతున్నాను. హెడ్‌లైట్లు వెలుగుతున్నాయి, ఏసీ ఫుల్లు మీద ఉంది, వైపర్లు కూడా ఆడుతున్నాయి. సగం మలుపులో స్టీరింగు ఉన్నట్టుండి మొండికేసింది. ఎదురుగా డాష్‌బోర్డు మీద పసుపు రంగులో స్టీరింగు బొమ్మ, దాని పక్కనే ఆశ్చర్యార్థకం వెలిగాయి. ఆశ్చర్యపోవాల్సింది నేనైతే, మధ్యలో దానికెందుకో!

కారు దారికి అడ్డంగా నిలబడిపోయింది. వెనకాల ఒకాయన హారన్ మీద చెయ్యి తీయడం లేదు. ముందుగా దిగినవారు పై అంతస్తు పెద్దాయన.

"పవర్ స్టీరింగ్ ఆయిల్ అయిపోయుంటుంది బాబూ. బానెట్ ఎత్తు."

ఎత్తాం. నాలుగు ఫోన్ల టార్చిలు వెలిగాయి. కూలెంట్ డబ్బా దొరికింది, బ్రేక్ ఆయిల్ డబ్బా దొరికింది. మా బావమరిది ఇంకో మూత తీసి, "బావా, దొరికింది! కానీ ఆయిల్ నీలంగా ఉందేంటి?" అన్నాడు. అది అద్దం కడిగే నీళ్లు.

అసలు ఈ కారు స్టీరింగుకు ఆయిలే ఉండదని చెబితే పెద్దాయన నన్ను జాలిగా చూశారు. ఆయన తప్పేం లేదు. పాత పద్ధతిలో ఇంజిన్ బెల్టుతో తిరిగే పంపు, ఆయిల్, గొట్టాలు అన్నీ ఉండేవి. 1988లో జపాన్‌లో సుజుకి సెర్వో అనే బుల్లి కారుకు ఎలక్ట్రిక్ స్టీరింగు వచ్చింది, అంటే ఆయిల్ బదులు కరెంటు మోటారు మన చేతులకు సాయం పడుతుంది. ఇప్పుడు చిన్నాపెద్దా కార్లన్నిటిలోనూ దాదాపు ఇదే.

ఇందులో స్టీరింగు కడ్డీ మధ్యలో మెలితిరిగే సన్నటి ముక్క ఒకటి ఉంటుంది. మనం ఎంత బలంగా తిప్పుతున్నామో దాని మెలికను బట్టి సెన్సర్ కనిపెడుతుంది. కంప్యూటర్ బండి వేగం కూడా చూసుకుని మోటారుకు పని చెబుతుంది. పిల్లాడికి సైకిల్ నేర్పే నాన్న కూడా ఇంతే. మెల్లగా పోతుంటే గట్టిగా పట్టుకుంటాడు, వేగం అందుకోగానే చెయ్యి వదులుతాడు. అందుకే నిలబడ్డ బండిలో స్టీరింగు తిప్పినప్పుడు ఆ మోటారు లాగేంత కరెంటు ఇంకెప్పుడూ లాగదు. పదుల ఆంపియర్ల మాట! సరిపడా వోల్టేజీ అందలేదా, సాయం మానేసి దీపం వెలిగించి కూర్చుంటుంది. కడ్డీకీ చక్రాలకూ లంకె మాత్రం తెగదు కాబట్టి బలం పెడితే తిరుగుతుంది. నేనూ, బావమరిదీ కలిసి తిప్పితే కదిలింది కూడా. మా ఇద్దరి మొహాలు చూసి మా ఆవిడ మంచినీళ్లు పంపించింది.

"మోటారు వేడెక్కిందండీ, కాసేపు వదిలేయండి" అన్నాడు ఒక కుర్రాడు. మాటలో నిజం లేకపోలేదు. నిలబెట్టి ఆ చివరికీ ఈ చివరికీ అదేపనిగా తిప్పితే వేడెక్కి సాయం తగ్గిస్తుంది, చల్లారాక మామూలైపోతుంది. నేను తిప్పింది ఒక్క మలుపే. ఇక ఫోన్లో దొరికిన మెకానిక్ కారు చూడకుండానే, "మొత్తం అసెంబ్లీ మార్చాలి సార్" అని తేల్చేశాడు. అంతటి దివ్యదృష్టి అందరికీ ఉండదు.

చివరికి ఇంజినీరింగ్ చదివే రెండో అంతస్తు అమ్మాయి మల్టీమీటర్ పట్టుకుని వచ్చింది. "అంకుల్, ఒకసారి ఆపి స్టార్ట్ చేయండి" అంది. ఇంజిన్ నీరసంగా మూలిగి అందుకుంది. బ్యాటరీ సీసపు బొడిపె మీద ముల్లు పెడితే 12.5 వోల్టులు. ఇంజిన్ నడుస్తుంటే బ్యాటరీ చార్జ్ అవుతూ 14 దగ్గర్లో ఉండాలిట. ముల్లును బొడిపె చుట్టూ ఉన్న క్లాంపు మీదికి మార్చి స్టీరింగు తిప్పమంది. 10కి పడిపోయింది, దీపం మళ్లీ వెలిగింది. బొడిపెకూ క్లాంపుకూ మధ్య తెల్లగా, పచ్చగా బూజులాంటి పొడి. బ్యాటరీలో కరెంటు ఉంది, బయటికి వచ్చే దారే మూసుకుపోయింది.

మా బావమరిది పానా తీసుకుని ఎర్ర వైరు మీద పడబోయాడు. "ముందు నల్లది విప్పాలి అంకుల్! ఎర్రది విప్పేటప్పుడు పానా బాడీకి తగిలిందంటే నిప్పులే!" వాడు ఎగిరి రెండడుగులు వెనక్కి వేశాడు. పానాకు భయపడ్డాడో, అంకుల్ అన్నందుకు అదిరిపడ్డాడో తెలీదు.

వంటసోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, తుడిచి, బిగించాం. ఎర్రది ముందు, నల్లది చివర. మోటారు నోరెత్తకుండా పనిచేసింది, దీపం మాత్రం పోలేదు. స్టీరింగు ఆ చివరికీ ఈ చివరికీ ఒకసారి తిప్పి, తిన్నగా కాస్త దూరం నడిపితే ఆరిపోయింది. బ్యాటరీ వైరు తీస్తే కొన్ని కార్లు స్టీరింగు కోణం మరిచిపోతాయి, మళ్లీ గుర్తుచేయాలి.

మర్నాడు మా బావమరిది ఎక్కడినుంచో స్కానర్ పట్టుకొచ్చి కారుకు తగిలించాడు. వోల్టేజీ చాలలేదని స్టీరింగు ఒక్కటే కాదు, బ్రేకుల కంప్యూటర్, ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్ కట్టకట్టుకుని ఫిర్యాదులు రాసిపెట్టుకున్నాయి. వాడు ఒక్కో కోడూ గట్టిగా చదువుతుంటే జనం మళ్లీ పోగయ్యారు. అన్నీ విన్నాక పెద్దాయన గొంతు సవరించుకుని, మూల నిలబెట్టిన తన పాత కిక్ స్కూటర్ చూపించారు.

"బాబూ, దానికి కూడా ఒకసారి పెట్టి చూడు. మైలేజీ రావట్లేదు."