బంగారం కథ ఒక్కటే మిగలకూడదు

ఉదయగిరి కొండ మీద ఒకప్పుడు 365 గుళ్లుండేవని, రోజుకో గుడి చొప్పున ఏడాదంతా పూజలు సాగేవని నెల్లూరు జిల్లాలో పెద్దవాళ్లు చెబుతారు. ఎవరూ లెక్కపెట్టి చూడలేదు. చూడాల్సిన పనీ లేదు. పాడుబడిన మహళ్లకు, కోనేళ్లకు ఇలాంటి కథలుంటేనే అందం. ఈ కథ వల్ల ఒక్క రాయి కూడా కదల్లేదు.

రాళ్లను కదిలిస్తున్న కథ వేరే ఉంది. గోడల కింద రాజుల బంగారం ఉందన్న నమ్మకమది. అమావాస్య చూసుకుని, నిమ్మకాయలు కోసి, గడ్డపారలతో కొండెక్కేవాళ్లకు మండపమైనా గర్భగుడైనా ఒకటే. అసలు ఈ కొండ మీది కోట ఎన్ని చేతులు మారిందో తెలిస్తే వాళ్లు ఆ శ్రమ పడరేమో. ఒడిశా గజపతి రాజుల చేతిలో ఉన్న కొండను శ్రీకృష్ణదేవరాయలు 1514లో గెలిచాడు. ముట్టడి ఏడాదిన్నర సాగిందని, రాళ్లు పగలగొట్టించి దారులు వేయించాడని పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాశాడు. తర్వాత గోల్కొండ సుల్తాన్లు, ఆ తర్వాత నవాబుల జాగీర్దార్లు వచ్చారు. 1839లో కుట్ర ఆరోపణ మీద చివరి జాగీర్దారును కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) ప్రభుత్వం చెంగల్పట్టుకు పంపేసింది. ఇంతమంది కన్నుపడ్డ చోట బంగారం మనకోసమే మిగిలి ఉంటుందా?

ఆ కొండ నుంచి నిజంగా వెళ్లిపోయిన విలువైన వస్తువు ఒకటుంది. అది బాలకృష్ణుడి విగ్రహం. రాయలు దాన్ని హంపికి తీసుకెళ్లి, కొత్తగా గుడి కట్టించి, 1515లో ప్రతిష్ఠించాడు. ఇప్పుడది చెన్నై మ్యూజియంలో ఉంది. గుంతలు తవ్వేవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

నిధి కథలన్నీ చెడ్డవని మేం అనడం లేదు. 2022 దాకా మన జిల్లాలోనే ఉన్న వెంకటగిరిని ఏలిన రాజుల వంశానికీ ఒక నిధి కథ ఉంది. మూలపురుషుడు చెవిరెడ్డి పొలంలో లంకెబిందెలు బయటపడ్డాయట. కాపలా ఉన్న భూతం నరబలి అడిగింది. పాలేరు రేచడు తానే బలవుతానన్నాడు. బదులుగా తన పేరు వాళ్ల వంశానికి నిలవాలని, యజమాని ఇంట పెళ్లి జరిగినప్పుడు తనవాళ్ల పెళ్లి కూడా జరిపించాలని మాట తీసుకున్నాడు. రేచర్ల గోత్రం అలా వచ్చిందంటారు. తనంతట తానే ఒప్పుకున్నాడన్న ముక్క యజమానుల వైపు నుంచి అల్లిందేమోనని మా అనుమానం. అయినా ఆ కథ బంగారాన్ని వదిలేసి పాలేరు పేరును నిలబెట్టింది. ఉదయగిరి కథల్లో ఇలాంటి పేర్లు ఎన్ని ఉన్నాయో అడిగి రాసుకున్నవాళ్లు తక్కువ.

1878 నాటి చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిధి దొరికినా కలెక్టర్‌కు తెలియజేయాలి. కాబట్టి తవ్వకాలను ఆపడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు, రాత్రి కాపలా ఉంటే చాలు. కొండ కింద ఒక బోర్డు పెట్టి, శాసనాలు చెప్పేది ఒక పక్కన, జనం చెప్పుకునేది ఇంకో పక్కన రాయించాలి. బాలకృష్ణుడి ఫొటో కూడా అక్కడే ఉండాలి. మిగతా కథలను మండలంలోని హైస్కూలు పిల్లలతో, వాళ్ల తాతల, నాయనమ్మల నోటి నుంచే ఫోన్లలో రికార్డు చేయించవచ్చు. ఈ వేసవి సెలవుల్లోనే ఆ పని మొదలుపెట్టాలని జిల్లా విద్యాశాఖను కోరుతున్నాం.