మా బామ్మర్ది చెక్-రైజ్ విద్య

మా బామ్మర్ది పోకర్ నేర్చుకున్నడు. హైదరాబాద్‌ల సాఫ్ట్‌వేర్ కొలువు, దసరాకు హన్మకొండ వచ్చిండు, జమ్మి పెట్టి అలాయ్ బలాయ్ అయిందో లేదో డాబా మీద కొత్తవాడ శత్రంజి పరిచి "బావా, తీన్ పత్తా మనుషులాడే ఆట కాదు, కూసో, టెక్సాస్ హోల్డెమ్ చెప్త" అన్నడు. ఆన్‌లైన్ల పైసలతోని ఆడుడు మన దగ్గర 2017లనే బందాయె, 2025 ఆగస్టుల పార్లమెంటు దేశమంతట బందు వెట్టె, ఇగ నేర్చుకున్న విద్య ఎండిపోవద్దని చింతగింజలు పట్టుకొని మా మీద పడ్డడు.

మనిషికి రెండు పత్తాలు మూసి ఇస్తరట. నడుమ ముందుగాల మూడు తెరుస్తరు, అది ఫ్లాప్, తర్వాత ఒకటి టర్న్, ఆఖరుది రివర్. బ్లైండ్ అంటె తీన్ పత్తాల చూడకుంట ఆడే ధైర్యం, ఈడనేమో పత్తాలు రాకముందే వంతు వచ్చినోడు కట్టాల్సిన పన్ను. గీ తేడా చెప్పుటానికి నలభై నిమిషాలు. బగారన్నం సల్లారింది.

ఇగ అసలు విద్య చెక్-రైజ్. "మంచి పత్తాలొచ్చినా చెక్ అను బావా, అంటె గింజ పెట్టకుంట వంతు పక్కోనికి పంపు. నువ్వు ఖాళీ అనుకొని వాడు పది పెడ్తడు. వంతు మళ్ల నీ కాడికొస్తది, అప్పుడు ముప్పై చెయ్యి!" గిది చెప్పేటప్పుడు వాని మొకం చూడాలె, రామప్ప ఇటుక నీళ్ల మీద తేలుడు మొదటిసారి చూసినట్టు! అరె, ప్లాటు కొనబోయిన ఎవలనడిగినా చెప్తరు గద. "మాకు అమ్మే ఆలోచననే లేదు సార్" అంటడు, మనం అడ్వాన్స్ బయటికి తీసేదాకా సప్పుడు చెయ్యడు, తీసినంక గజానికి రెండు వేలు ఎక్కిస్తడు. వానికి ఎవలు నేర్పిన్రు?

ఒకపారి నాకు రెండు ఆసులు పడ్డయ్. 221 సార్లకు ఒక్కసారి పడ్తయట. స్లో ప్లే, అంటె మంచి పత్తాలున్నా లేనట్టు ఆడుడు, జేద్దామని మొకం ముడుచుకొని గట్టిగ ఊపిరి ఇడిసిన. మెట్ల కాడికెళ్లి మా ఆవిడ "ఏంది, మంచి పత్తాలొచ్చినయా?" అన్నది. అందరు ఫోల్డ్, పత్తాలు పడేసిన్రు.

తర్వాత ఆటల కాల్ అని, అంటె ముందటోడు పెట్టినన్నే, పది గింజలు పెట్టిన, అందరి మొకాలు ఒకపారి చూసి "ఇంకో ఇరవై" అన్న. "చెల్లదు బావా, స్ట్రింగ్ బెట్! కాల్ అన్నవంటె కాలే, మొకాలు చూసి మాట మారుస్త అంటె నడువదు" అని గింజలు వాపసు నూకిండు.

మూలకు కుర్సీల కూసున్న మా మామ అప్పుడు నోరు తెరిచిండు. నర్సంపేట దిక్కు నాలుగెకరాల పత్తి ఆయనది. "అంటె బిడ్డా, నోటితోని ఒక రేటు చెప్పినంక మళ్ల మార్చొద్దా?"

"మార్చొద్దు బాపూ."

"జూదంల గూడ?"

ఇగ నాకు నవ్వు పోయింది. పొద్దుగాల పత్తి మార్కెట్ల జెండా పాట వింటరు గద? మెరిసే కుప్ప ఒక్కటి చూసి ఆ రోజు పెద్ద రేటు పాడుతరు, అది ఫోన్లకొస్తది, ఊర్లల్లకెళ్లి ట్రాలీలు కదుల్తయ్. తీరా కుప్ప పోసినంక ఒగడు చెయ్యి పెట్టి "తేమున్నది" అంటడు, ఇంకోడు "రంగు లేదు" అంటడు, వెయ్యి కోత. గిది స్ట్రింగ్ బెట్ కాదా? పేకాటల ఇద్దరివీ మూసిన పత్తాలే, ఈడ రైతువి ఎండల తెరిచి ఉంటయ్, తేమ మిషను మాత్రం వాళ్ల చేతుల. ఫోల్డ్ చెయ్యమంటరా? ట్రాలీ కిరాయి, హమాలీ, మందుల షాపు బాకీ నెత్తి మీదుంటె పత్తి వాపసు తీస్కపోయి వండుకొని తింటడా? విత్తనం పెట్టిననాడే ఆయన ఆల్-ఇన్, ఉన్నదంత పెట్టేసిండు. పత్తి కొనే సర్కారు సంస్థ సీసీఐకి పోదామంటె తేమ 8 శాతం దాటితె కోత, 12 దాటితె కొననే కొనరు, మంచు వడే దినాలల్ల పత్తిని ఏ పెంక మీద వేయించుకరావాలె? దీనికి వ్యాపారమని పేరు, మేం డాబా మీద చింతగింజలతోని ఆడితె జూదం. థూ.

బామ్మర్దికి గివన్నీ పట్టలే. "సెమీ-బ్లఫ్ చెప్తనే లేదు గద" అని పత్తాలు కలుపుతనే ఉన్నడు.

లేచేటప్పుడు మామ తన గింజలు లెక్కవెట్టుకున్నడు. పదకొండు తక్కువొచ్చినయ్ అన్నడు.

తేమకు కోసినం అని చెప్పిన.