స్లో అన్నది రోగం పేరు కాదండీ బాబూ

మా స్టూడియోలో సిస్టమ్‌లు స్లో అయిన గోల గురించి వారం నుంచీ రాద్దామనుకుంటున్నా, ఆల్బమ్‌ల ఒత్తిడిలో కుదర్లేదు. ఇవాళ కరెంటు పోయింది, యూపీఎస్ కుయ్ కుయ్ మంటోంది, నేను మెట్ల మీద కూర్చుని ఫోన్లో కొడుతున్నా. తప్పులుంటే సర్దుకు చదువుకోండి.

మాది పాలకొల్లులో ఫోటో స్టూడియో. కెమెరా మా ఆయనది, ఆల్బమ్ డిజైన్ నాది. కింద షాపు, పైన మూడు సిస్టమ్‌లు, మెట్ల కింద చెప్పుల స్టాండు పక్కనే నాలుగు హార్డ్ డిస్కులు పట్టే స్టోరేజ్ బాక్సు. 2016లో కొన్నాం. అప్పట్నుంచీ తీసిన పెళ్లిళ్లు, ఓణీలు, సంక్రాంతి పందాలు, జగ్గన్నతోట ప్రభలు అన్నీ దాని పొట్టలోనే ఉన్నాయి. పైన ఏ సిస్టమ్ మీద కూర్చున్నా ఆ బాక్సులోంచే ఫోల్డర్ తెరుచుకుని పని చేసుకుంటాం. తొమ్మిదేళ్లు ఒక్క మాట పడలేదండి దాంతో.

ఇక గోల ఎక్కడ మొదలైందంటే, విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు అప్‌డేట్లు ఆగిపోతాయని అందరూ భయపెడితే, సర్లే సీజన్ మొదలయ్యేలోపు మార్చేద్దాం అనుకున్నాం. నా సిస్టమ్ మొత్తం తుడిచేసి కొత్తగా విండోస్ 11 ఎక్కించారు, మా ఆయన దాంట్లో ఉన్నదాని మీదే అప్‌గ్రేడ్ కొట్టారు, మూడోది 2017లో కొన్నది, దాని ప్రాసెసర్ ఏడో తరం, విండోస్ 11 ఎనిమిదో తరం నుంచి అడుగుతుంది కాబట్టి అది విండోస్ 10లోనే ఉండిపోయింది, 2026 అక్టోబరు దాకా పొడిగింపు అప్‌డేట్లు ఉన్నాయి కదా అని వదిలేశాం. కౌంటర్లో బిల్లులకి వాడే ముసలి సిస్టమ్ ఒకటుండేది, పనిలో పనిగా దాన్ని పాత సామాన్లవాడికి ఇచ్చేశాం. ఈ చివరి ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

మొదటి రోజు అసలు బాక్సే తెరుచుకోలేదు. మీ సంస్థ భద్రతా విధానాల ప్రకారం పాస్‌వర్డ్ లేని గెస్ట్‌గా లోపలికి రానివ్వం అన్న అర్థంలో ఒక మెసేజ్. మా సంస్థా?! మా సంస్థంటే నేనూ మా ఆయనాను, ఈ విధానం ఎప్పుడు పెట్టుకున్నామో మా ఇద్దరికీ తెలీదు. తర్వాత తెలిసిందేంటంటే విండోస్ 11లో 2024 చివర్లో వచ్చిన 24హెచ్2 అన్న పెద్ద అప్‌డేట్ నుంచి ప్రో వెర్షన్లో కూడా గెస్ట్ దారి మూసేశారు. నిజం చెప్పాలంటే అది మంచిదే. ఊళ్లోవాళ్ల పెళ్లి ఫోటోలన్నీ పాస్‌వర్డ్ లేకుండా తొమ్మిదేళ్లు గాలికి వదిలేసింది మేమే. బాక్సులో ఒక యూజర్ని పెట్టి, పాస్‌వర్డ్ ఇచ్చి, దాన్ని సిస్టమ్‌లో పాస్‌వర్డ్‌లు దాచుకునే క్రెడెన్షియల్ మేనేజర్లో రాసుకుంటే ఐదు నిమిషాల్లో తెరుచుకుంది. ఏడుపు అక్కడ కాదు.

ఏడుపు ఆ తర్వాతది. తెరుచుకుంది, కానీ నత్త నడక. మార్టేరు పెళ్లి ఫోల్డర్ మీద డబల్ క్లిక్ కొడితే, పైన అడ్రస్ బార్లో పచ్చ గీత పాక్కుంటూ పాక్కుంటూ పోతది, ఈలోపు నేను కిందకెళ్లి పొయ్యి మీద పాలు దించి రావచ్చు. పనిచేయకపోతే అదో దారి, ఎవర్నో పిలుస్తాం, బాగుచేయిస్తాం. పనిచేస్తూ చంపేది ఉంది చూశారూ, దాంతో వేగడం మహా కష్టం. రెండ్రోజులకి అలవాటైపోద్ది కూడా, కొత్త విండోస్ ఇంతేనేమో మన ఖర్మ అనుకుని ఊరుకుంటాం.

ఇక సలహాలు. ఆయ్, మన గోదావరి జిల్లాల్లో సలహాకి కొదవా? ఒకాయన ఇంటర్నెట్ ప్లాన్ పెంచమన్నాడు. మా ఆడపడుచు భర్త అయితే పాత కేబుల్‌వాడిని మాన్పించి కొత్త ఫైబర్ పెట్టించేదాకా ఊరుకునేలా లేడు. బాబోయ్, మెట్ల కింద బాక్సుకీ పైనున్న సిస్టమ్‌కీ మధ్య ఉన్నది ఇరవై అడుగుల వైరండీ, ఫోటో ఆ వైరు దాటి వీధిలోకి కూడా పోదు, దానికీ ఇంటర్నెట్‌కీ ఏంటి సంబంధం? కాలవకి నీళ్లు కట్టేస్తే మా పెరట్లో నూతిలో చేద మునగదా? ఆయన ఎదురుగానే ఫైబర్ వైరు పీకేసి చూపించా, ఫోల్డర్ అంతే టైము తీసుకుంది, ఒక్క సెకను తేడా లేదు. అయినా వెళ్తూ వెళ్తూ "ఎందుకైనా మంచిది మార్చెయ్యండి" అనే అన్నాడు.

ఇంకొకాయన తుపాను అన్నాడు. అక్టోబరు 28 రాత్రి మొంథా ఇక్కడే నర్సాపురం దగ్గర తీరం దాటింది కదా, ఆ చెమ్మకి వైర్లు పాడయ్యుంటాయని. ఈ మాట మాత్రం నేనూ కొంచెం నమ్మా, ఎందుకంటే గోడలు వారం ఆరలేదు, వైరు క్లిప్పులు మా దగ్గర ఎలాగూ పచ్చగా చిలుం పట్టేస్తాయి.

అప్పుడు టెక్నీషియన్ని పిలిచాం. ఎవరన్నది అనవసరం. వచ్చాడు, నా కుర్చీలో కూర్చున్నాడు, మా ఆయన వైపు తిరిగి "ఏవండీ, మేడంగారు ఏమన్నా నొక్కేశారేమో కనుక్కోండి" అన్నాడు. నేను పక్కనే నిలబడి ఉన్నా. సిస్టమ్ నాది, పని నాది, ఎక్కడ ఆగుతోందో చెప్పగలిగేది నేను, ప్రశ్న మాత్రం ఆయనకి. మా ఆయన "ఆవిడ్నే అడగండి" అంటే నవ్వి ఊరుకున్నాడు. గంటసేపు అటూ ఇటూ నొక్కి, బాక్సు పాతదైపోయిందండి, కొత్తది నలభై వేలు అవుద్ది, డిస్కులు వేరే అన్నాడు. చూసినందుకు ఐదొందలు తీసుకున్నాడు. ఒక్కసారి కూడా గడియారం చూడలేదు, ఏది ఎన్ని సెకన్లు పడుతోందని అడగలేదు.

సరే అని నేను వీడియోలు చూడ్డం మొదలెట్టా. అదింకో మాయలోకం. ఒకడు ఫైర్‌వాల్ ఆపెయ్యమంటాడు, ఒకడు రిజిస్ట్రీలో గెస్ట్ మళ్లీ తెరవమంటాడు, ఒకడు ఎస్ఎంబీ 1 ఆన్ చెయ్యమంటాడు. ఎస్ఎంబీ అంటే విండోస్ సిస్టమ్‌లు ఫైళ్లు పంచుకునేటప్పుడు మాట్లాడుకునే భాష లెండి, అందులో 1 అన్నది ముత్తాతల కాలంది. 2017 మేలో వానాక్రై అన్న వైరస్ వచ్చి దాదాపు 150 దేశాల్లో కంప్యూటర్లకి తాళాలేసి డబ్బులడిగిందే, బ్రిటన్లో ఆసుపత్రులు ఆపరేషన్లు వాయిదా వేసుకున్నాయే, అది పాకింది ఆ ఎస్ఎంబీ 1లో ఉన్న కంతలోంచే. ఆ ఏడాది చివర్నుంచీ విండోస్ 10లోంచి దాన్ని మెల్లగా తీసేస్తూ వచ్చారు. దాన్ని మళ్లీ వెతికి తెచ్చి ఆన్ చెయ్యాలంట, ఫోల్డర్ త్వరగా తెరుచుకోడానికి! తలుపు బిర్రుగా ఉందంటే తలుపు పీకి పెరట్లో పడెయ్యమన్నట్టుంది.

ఇంకో పెద్దమనిషి మాట మాత్రం కాస్త వినబుద్ధేసింది. 24హెచ్2 నుంచి వైరు మీద పోయే ప్రతి ప్యాకెట్ మీదా, అంటే ప్రతి డేటా ముక్క మీదా, సంతకం తప్పనిసరి చేశారు, మధ్యలో ఎవడూ మార్చకుండా, ఆ సంతకాల పనికే స్లో అవుతోంది, అది ఆపెయ్యండి అని. సంతకం తప్పనిసరి అన్నది నిజమే. కానీ ఆపేముందు ఒక లెక్క చూద్దామనిపించింది. సంతకమే కారణమైతే పెద్ద వీడియో కాపీ చేసినా అది స్లోగానే పోవాలి కదా?

కాగితం, పెన్ను, ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని కూర్చున్నా. ఆరు జీబీ వీడియో ఒకటి బాక్సులోంచి నా సిస్టమ్‌కి లాగితే నిమిషం పట్టలేదు, సెకనుకి 110 ఎంబీ, గిగాబిట్ వైరులో అంతకంటే ఏం వస్తుంది. అంటే వైరు బాగానే ఉంది, బాక్సు బాగానే ఉంది, సంతకమూ పెద్ద బరువేం కాదు. అదే నా సిస్టమ్‌లో మార్టేరు ఫోల్డర్, 4,812 ఫోటోలు, తెరుచుకోడానికి నిమిషం 50 సెకన్లు. ఆ పాత విండోస్ 10 సిస్టమ్‌లో అదే ఫోల్డర్ మూడు సెకన్లు. మూడే! ఇంకా వినండి, ఆ పాత సిస్టమ్‌లో వీడియో లాగితే సెకనుకి 11 ఎంబీ వచ్చింది, దాదాపు తొమ్మిది నిమిషాలు పట్టింది. సెట్టింగ్స్‌లో చూస్తే లింక్ స్పీడ్ 100 అని ఉంది. వైరులో ఎనిమిది తీగలూ సరిగ్గా తగిల్తేనే 1000, ఒకటి వదులైతే 100కి పడిపోద్ది, అది ఎన్నాళ్లుగా అలా ఉందో ఆ గోదారమ్మకే తెలియాలి. అంటే చెడిపోయిన వైరున్న సిస్టమ్ ఫోల్డర్ టక్కున తెరుస్తోంది, మంచి వైరున్న నాది చావగొడుతోంది. ఈ ఒక్క ముక్కతో వైరు, తుపాను, బాక్సు, నలభై వేలు అన్నీ ఒకేసారి కొట్టుకుపోయాయి.

అప్పుడు రెండు సిస్టమ్‌ల ముందూ కూర్చుని, అదే ఫోల్డర్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్ తెరిచి, ట్యాబులు ఒక్కోటీ పక్కపక్కన పెట్టి చూశా. కస్టమైజ్ అన్న దాంట్లో తేడా దొరికింది. పాతదాంట్లో 'జనరల్ ఐటమ్స్' అని ఉంది. నాదాంట్లో 'పిక్చర్స్'.

ఇంత చిన్నదానికా అంటారు కదా. అదెలాగో మన భాషలో చెబుతా. పెళ్లిలో చదివింపులు రాసే ఆయన్ని చూశారుగా. కవర్ల మీద పేర్లు రాసి ఇస్తే, పైన చూసి గబగబా దించేస్తాడు, ఐదొందల కవర్లయినా అరగంట. అదే "లోపల ఎంతుందో కూడా రాయండి" అంటే ప్రతి కవరూ విప్పాలి, చూడాలి, మళ్లీ మడవాలి, తెల్లారిపోద్ది. జనరల్ ఐటమ్స్ అంటే కవరు పైన చూడ్డం. పేరు, సైజు, చివరిసారి మార్చిన తేదీ, ఇవి బాక్సు లిస్టుతో పాటే గంపగుత్తగా పంపేస్తుంది. పిక్చర్స్ అంటే ఫోటో తీసిన తేదీ కావాలంటుంది, అదేమో ఫైలు లోపల ఉంటుంది, అంటే 4,812 ఫోటోలూ వైరు మీంచి ఒక్కొక్కటీ తెరవాలి, లోపల చదవాలి, మూయాలి. చిన్న బొమ్మలు చూపించడం దీనికి అదనం. సొంత డిస్కులో అయితే తెలీదు, నెట్‌వర్క్ మీద ప్రతిదానికీ అడిగి, జవాబు కోసం ఆగాలి కదా, అక్కడ ప్రాణం పోతుంది. విండోస్ ఫోల్డర్లో ఫోటోలు కనిపిస్తే చాలు దానంతటదే పిక్చర్స్ అని ముద్ర వేసేసుకుంటుంది.

పై ఫోల్డర్‌కి జనరల్ ఐటమ్స్ పెట్టి, లోపలున్న ఫోల్డర్లకి కూడా వర్తించాలని టిక్కు కొట్టి ఓకే అన్నా. మార్టేరు పెళ్లి రెండు సెకన్లు. ఉట్టి రెండు! కుర్చీలోంచి లేచి అరిచానంటే కింద కస్టమర్లు కంగారుపడ్డారు.

మరి పాత సిస్టమ్‌లో అది ఎవరు పెట్టారు? హైదరాబాదులో ఉన్న మా మరిదికి ఫోన్ కొడితే, "అదా వదినా, 2017లో ఇదే గొడవొస్తే మూడింట్లోనూ నేనే పెట్టా కదా, చెప్పానుగా మీకు" అన్నాడు తాపీగా. చెప్పాడంట! చెప్పేవుంటాడు. ఆ సెట్టింగ్ ఏ సిస్టమ్‌కి ఆ సిస్టమ్‌లోనే ఉంటుంది, బాక్సులో ఉండదు, నాది మొత్తం తుడిచి ఎక్కించాం కాబట్టి దాంతో పాటే కొట్టుకుపోయింది. అంటే కొత్త విండోస్‌ని వారం రోజులు తిట్టిన తిట్లలో సగం వెనక్కి తీసుకోవాలి.

అయ్యిందనుకున్నారా? మా ఆయన సిస్టమ్ ఉందిగా. దాంట్లో ఉన్నదాని మీదే అప్‌గ్రేడ్ కాబట్టి జనరల్ ఐటమ్స్ భద్రంగా ఉంది, అయినా స్లో. ఇద్దరికీ ఒకేసారి జ్వరమొచ్చింది కదా అని ఒకే మందు వెతుక్కుంటూ కూర్చున్నాం ఇన్నాళ్లూ. ఆయన్ని పక్కకి లేపి చూస్తే అక్కడ ఆగేది ఫోల్డర్ దగ్గర కాదు, దిస్ పీసీ తెరిచేటప్పుడే అర నిమిషం బిగుసుకుపోతుంది, ఒకసారి లోపలికి పోయాక పరుగే. ఎడమ పక్కన చూస్తే ఎక్స్ డ్రైవ్ అని ఒకటి, ఎర్ర గుర్తుతో. ఏంటిదీ అంటే, పాత సామాన్లవాడికి ఇచ్చేశాం చూడండి కౌంటర్ సిస్టమ్, దాని బిల్లుల ఫోల్డర్‌కి వేసిన డ్రైవ్ అది. మనిషి పోయినా రేషన్ కార్డులో పేరున్నట్టు! తెరిచిన ప్రతిసారీ పోయినోడిని పేరు పెట్టి పిలవడం, వాడు పలుకుతాడేమో అని కాసేపు ఎదురుచూడడం. డిస్‌కనెక్ట్ కొట్టాం, క్విక్ యాక్సెస్‌లో పిన్ చేసుకున్న దాని షార్ట్‌కట్ కూడా పీకేశాం. సరిపోయింది.

మొత్తం మీద నాకు ఒళ్లుమండేది ఒక్కటే. ఇన్ని రోజుల్లో ఇంతమంది వచ్చారు, ప్రతివాడి దగ్గరా మందుంది, ఏది స్లో, ఎంత స్లో, ఎప్పట్నుంచి అని అడిగినవాడు లేడు. ఫోల్డర్ తెరవడం వేరు, ఫైలు కాపీ వేరు, ఎక్స్‌ప్లోరర్ బిగుసుకోవడం వేరు, ఇంటర్నెట్ వేరు, మనం మాత్రం అన్నిటికీ కలిపి 'సిస్టమ్ స్లో అండి' అని ఒకే మాట అంటాం, వాళ్లు దానికి ఒకే బిల్లు వేస్తారు. డాక్టరు దగ్గరికెళ్లి నీరసం అంటే ఎక్కడ, ఎన్నాళ్ల నుంచి అని అడుగుతాడుగా కనీసం. ఆ ఐదొందలు పోతే పోయాయి, మేడంగారు ఏమన్నా నొక్కారేమో అన్నది మాత్రం నేను మర్చిపోను.

ఈసారి మార్కర్‌తో పెద్ద అక్షరాల్లో 'జనరల్ ఐటమ్స్' అని కాగితం మీద రాసి బాక్సు మీద అంటించా. మా అత్తగారు చూసి "ఇక్కడేమన్నా కిరాణా కొట్టు పెడతన్నారా" అని అడిగారు.

మూడో సిస్టమ్ వైరు ఇంకా మార్చలేదు, రేపు క్లిప్పు కొట్టించాలి. కరెంటొచ్చింది, మార్టేరువాళ్లు అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశారు, ఉంటా.