సూటు సంగతి సరే, కుర్చీల సంగతో?

క్రూజ్ ఓడల్లో ఫార్మల్ నైట్లు (సూటూబూటూ వేసుకుని డిన్నర్‌కి రావాల్సిన రాత్రులు) తగ్గడంతో ప్రయాణికుల మర్యాద కూడా పోయిందని ఒక వ్యాసంలో రాశారు. ఆ రెండిటికీ ముడిపెట్టడం నాకు నచ్చలేదు. నార్వేజియన్ క్రూజ్ లైన్ 2000లోనే 'ఫ్రీస్టైల్' పేరుతో డ్రెస్ కోడ్ సడలించింది. క్యూనార్డ్ అనే మరో కంపెనీ ఓడల్లో గాలా నైట్లు (అవీ ఫార్మల్ నైట్లే) ఇంకా ఉన్నాయి. అక్కడ టక్సీడోనే కాదు, సంప్రదాయ జాతీయ దుస్తులూ చెల్లుతాయి. మనవాళ్లు పట్టుచీర, షేర్వాణీతో దర్జాగా వెళ్లొచ్చు (బో టై టెన్షన్ లేకుండా!).

అసలు అమర్యాదంతా పూల్ దగ్గరే. బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసినట్టు పొద్దున్నే కుర్చీ మీద టవల్ పరుస్తారు, మనిషి మాత్రం మధ్యాహ్నానికి గానీ రాడు. కార్నివాల్ క్రూజ్ కంపెనీ వాళ్లయితే 40 నిమిషాలు ఖాళీగా ఉన్న కుర్చీ మీది సామాను తీసేస్తామంటారు. ముందు ఆ రూల్ అన్ని ఓడల్లోనూ గట్టిగా అమలు చేయమనండి. డిన్నర్‌కి ఎవరు జీన్స్‌లో వస్తే మనకేంటి?