తారీఖు ముందు, తాంబూలాలు తర్వాత

గోదావరి జిల్లాల పెళ్ళిళ్ళ పేరయ్యలకి అమెరికా వీసాల సంగతి ఇప్పుడు పెళ్ళికొడుకులకంటే బాగా తెలుసు. సంక్రాంతికి పాలకొల్లు వెళ్ళినప్పుడు ఒకాయన మా వాళ్ళింటికి బయోడేటాలు పట్టుకొచ్చాడు. ప్లాస్టిక్ కవర్లో పెట్టిన కాగితాలు. ఎత్తు, చదువు, గోత్రం, నక్షత్రం, కొబ్బరితోట ఎన్ని ఎకరాలు, అన్నీ టైపు చేసి ఉన్నాయి. అడుగున మాత్రం నీలం పెన్నుతో ఆయన సొంత దస్తూరీ. ఒకదాని మీద "హెచ్-1బి, ఐ-140 అయ్యింది" అని ఉంది. ఇంకోదాని మీద వట్టి "హెచ్-1బి". తేడా ఏంటండీ అనడిగాను.

"అక్కడుండే మీరే అలా అడిగితే ఎలాగండీ బాబూ! దీనికైతే ఆరేళ్ళు దాటినా ఢోకా లేదండి. దానికైతే మనం మాటివ్వలేమండి" అన్నాడాయన.

ఇంత సూటిగా అమెరికాలో మన తెలుగు సంఘం సభల్లో ఎవరూ చెప్పగా నేను వినలేదు. అందుకే ఈ వ్యాసం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. హెచ్-1బి (అమెరికా కంపెనీ ఉద్యోగం మీద ఇచ్చే తాత్కాలిక వీసా) మీద ఉన్నవాళ్ళు గ్రీన్ కార్డు సంగతి కంపెనీని మొదటి ఏడాదిలోనే అడగాలి. తమ పేరు మీద ఒక తారీఖు పడేదాకా ఊళ్ళో పొలం గురించీ పెళ్ళి గురించీ "ఎలాగూ వచ్చేస్తుంది కదా" అనే ధీమాతో ఏ నిర్ణయమూ చెయ్యకూడదు.

హెచ్-1బి మొదట మూడేళ్ళు, పొడిగిస్తే ఇంకో మూడేళ్ళు. ఆరేళ్ళతో సరి. 2000లో ఏసీ-21 అనే చట్టం రాకపోయి ఉంటే మనలో చాలామంది ఎప్పుడో ఇంటిదారి పట్టేవాళ్ళం. ఆ చట్టం ప్రకారం కంపెనీ మన తరఫున లేబర్ సర్టిఫికేషన్ అర్జీ పెట్టి (దీన్నే పర్మ్ అంటాం) 365 రోజులు గడిస్తే, ఆరేళ్ళ తర్వాత ఏడాదికోసారి పొడిగింపు ఇస్తారు. దాని తర్వాతి మెట్టు ఐ-140, అంటే మనకి గ్రీన్ కార్డు ఇమ్మని కంపెనీ పెట్టే పిటిషన్. అది ఆమోదమై, వరసలో మన వంతు ఇంకా రాకపోతే మూడేళ్ళ చొప్పున ఇస్తారు. పేరయ్యగారి నీలం పెన్ను చెప్పేది ఇదే.

మన పిల్లలు లెక్క తప్పేది కూడా ఇక్కడే. ఆరేళ్ళుంది కదా, ఐదో ఏట చూద్దాంలే అనుకుంటారు. కానీ పర్మ్ పెట్టాలంటే ముందు ఆ ఉద్యోగానికి ఆ ప్రాంతంలో ఎంత జీతం ఉండాలో లేబర్ డిపార్ట్‌మెంటు తేల్చాలి. తర్వాత కంపెనీ ప్రకటనలిచ్చి, అర్హత ఉన్న అమెరికన్లెవరూ రాలేదని చూపాలి. ఇదంతా అయ్యేసరికే నెలలు గడుస్తాయి. అర్జీ పెట్టాక జవాబు రావడానికి ఈ మధ్య ఏడాది పైనే పడుతోంది. నడుమ కంపెనీలో లేఆఫ్‌లు వచ్చాయంటే చాలాచోట్ల పర్మ్‌లన్నీ ఆపేస్తారు. ఐదో ఏడు నిండేలోపు అర్జీ పడి తీరాలనుకునేవాడికి మూడో ఏడు కూడా ఆలస్యమే. ఒక చిన్న వెసులుబాటు ఉంది. ఇండియాలో గడిపిన రోజులు ఆ ఆరేళ్ళలో లెక్కకి రావు, ఆధారాలు చూపి వెనక్కి అడగొచ్చు. సంక్రాంతికి వచ్చి వెళ్ళిన బోర్డింగ్ పాస్‌లు పారేయకండి.

పర్మ్ పెట్టిన రోజే మన ప్రయారిటీ డేట్, అంటే గ్రీన్ కార్డు వరసలో మన చోటు చెప్పే తారీఖు. ఐ-140 ఆమోదమయ్యాక ఉద్యోగం మారినా ఆ తేదీ మన వెంటే వస్తుంది. కొత్త కంపెనీ పర్మ్ మళ్ళీ మొదటినుంచీ పెట్టాలి, ఐ-140 మళ్ళీ పెట్టాలి, కానీ వరసలో మన చోటు పాతదే. ఆమోదమై 180 రోజులు దాటాక పాత కంపెనీ కోపమొచ్చి ఐ-140 వెనక్కి తీసుకున్నా వీసా పొడిగింపులకి అది పనికొస్తూనే ఉంటుంది. తాత్కాలిక వీసా మీద బతికేవాడికి అమెరికాలో కారు బ్యాంకుది, ఇల్లు బ్యాంకుది, వీసా కంపెనీది. ఆ తారీఖొక్కటే సొంతం.

ఇక వరస సంగతి. 1990 నాటి చట్టం ప్రకారం ఉద్యోగాల కోటాలో ఏడాదికి సుమారు 1,40,000 గ్రీన్ కార్డులు. అందులో భార్యాపిల్లలు కూడా లెక్కే. ఏ దేశానికీ 7 శాతం మించకూడదు. పది వేల ఎకరాల ఆయకట్టున్న కాలువకీ, పది ఎకరాలున్న కాలువకీ ఒకే కొలత తూము పెట్టినట్టన్నమాట. పైవాళ్ళు వాడుకోగా మిగిలితే శివారుకి కాస్త వస్తుంది, లేకపోతే లేదు. ఏ ప్రయారిటీ డేట్ దాకా వంతు వచ్చిందో అమెరికా ప్రభుత్వం నెలనెలా చెప్పే వీసా బులెటిన్‌లో 2025 అక్టోబరుది చూడండి. ఈబీ-2లో (పీజీ స్థాయి చదువు కావాల్సిన ఉద్యోగాల వర్గం) భారతదేశానికి తేదీ 2013 ఏప్రిల్ 1. అదే ఈబీ-2లో మిగతా చాలా దేశాలకి 2023 డిసెంబరు 1. పైగా ఈ తేదీలు ముందుకే నడుస్తాయన్న హామీ లేదు, కొన్ని నెలల్లో వెనక్కి కూడా నడుస్తాయి.

ఈ వరసకి పాస్‌పోర్టుతో పనిలేదు, పుట్టిన చోటుతోనే పని. దీనివల్ల మన కోనసీమలో కొన్ని తమాషాలు జరుగుతాయి. రాజోలు వైపు నుంచి గల్ఫ్ వెళ్ళిన కుటుంబాలు ఎన్నో. అన్న రాజోల్లో పుట్టాడు. తండ్రి కాపురం కువైట్ మార్చాక తమ్ముడు అక్కడ పుట్టాడనుకోండి. ఇద్దరిదీ భారత పాస్‌పోర్టే, ఇద్దరూ చదివింది కాకినాడలోనే, ఇద్దరికీ ఒకేరోజు పర్మ్ పెట్టారు. తమ్ముడు కువైట్ లెక్కలోకి వెళ్ళి ఎన్నో ఏళ్ళు ముందు బయటపడతాడు. అన్న పిల్లలు కాలేజీకి వెళ్ళే వయసొచ్చినా అన్న వరసలోనే ఉంటాడు. భార్యాభర్తల్లో ఒకరు వేరే దేశంలో పుట్టి ఉంటే రెండోవాళ్ళు కూడా ఆ దేశం లెక్కలోకి చేరొచ్చు. ఈ సంగతి పేరయ్యలకి ఇంకా అందినట్టు లేదు. అందిందంటే బయోడేటాలో నక్షత్రం కంటే పుట్టిన ఊరికే రేటు పెరుగుతుంది.

యానాంది ఇంకో కథ. 1962లో ఆ ఊరు చట్టరీత్యా భారతదేశంలో కలిసినప్పుడు ఫ్రెంచి పౌరసత్వం కోరుకున్న కుటుంబాలు ఉన్నాయి. అలాంటి ఇంటి మనిషి చేతిలో ఫ్రెంచి పాస్‌పోర్టు ఉన్నా, పుట్టింది యానాంలో అయితే అమెరికా వాడికి భారతదేశం లెక్కే. పుట్టిన ఊరు ఇవాళ ఎవరి ఏలుబడిలో ఉందో అదే చూస్తారు. ఈ నియమంలో న్యాయం ఎక్కడుందని నన్నడక్కండి. దీన్ని మార్చాలని అమెరికా కాంగ్రెస్‌లో బిల్లులు వస్తూనే ఉన్నాయి, పోతూనే ఉన్నాయి. వాటి కోసం ఉత్తరాలు రాయండి, తప్పులేదు. కానీ ఆ బిల్లు పాసవుతుందని నమ్మి మాత్రం మీ పర్మ్ వాయిదా వేసుకోకండి.

అప్లై చెయ్యకపోవడానికి మనవాళ్ళు చెప్పే కారణాల్లో ఒకటి నాకు బొత్తిగా నచ్చదు. "గ్రీన్ కార్డుకి పెట్టామని తెలిస్తే స్టాంపింగ్‌లో ఆపేస్తారటండి" అంటారు. స్టాంపింగ్ అంటే కాన్సులేట్‌లో పాస్‌పోర్టు మీద వీసా వేయించుకోవడం. స్టూడెంట్ వీసాకి, విజిటర్ వీసాకి ఆ భయం సహేతుకమే. తిరిగి వెళ్ళిపోతామని ఆఫీసర్ని నమ్మించాల్సింది వాళ్ళు. హెచ్-1బి వాళ్ళకి, తమ కంపెనీ విదేశీ శాఖ నుంచి బదిలీ మీద వచ్చే ఎల్-1 వాళ్ళకి మాత్రం తాత్కాలిక వీసా మీద ఉంటూనే శాశ్వత నివాసం కోరుకోవచ్చని చట్టమే ఒప్పుకుంటుంది. హైదరాబాద్ కాన్సులేట్‌లో అడిగితే ఐ-140 ఉందని ధైర్యంగా చెప్పండి. దాస్తేనే చిక్కు.

అసలు కారణం భయం కాదు, మొహమాటం. జీతం దగ్గర వెయ్యి డాలర్లకి బేరమాడే కుర్రాడు మేనేజరుని "నా పర్మ్ ఎప్పుడు మొదలుపెడతారు?" అని అడగటానికి రెండేళ్ళు నసుగుతాడు. ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టే ముందే అడగండి. ఏ నెలలో మొదలుపెడతారు, ఈబీ-2నా, మామూలు డిగ్రీ ఉద్యోగాలు కూడా వచ్చే ఈబీ-3నా, మధ్యలో మేనేజరు మారితే ఎలా, ఈ మూడింటికీ జవాబు ఈమెయిల్లో తెప్పించుకోండి. ఫోన్లో ఇచ్చిన మాట మేనేజరుతోపాటే వెళ్ళిపోతుంది. ఇంకోటి, పర్మ్‌కి అయ్యే లాయర్ ఫీజు, ప్రకటనల ఖర్చు కంపెనీయే పెట్టుకోవాలని 2007 నుంచీ నిబంధన ఉంది. ఆ డబ్బు పిల్లల దగ్గర చల్లగా వసూలు చేసే చిన్న కన్సల్టెన్సీలు మనవాళ్ళవే కొన్ని ఉన్నాయి. మన సభల్లో స్టేజీ మీద శాలువాలు కప్పించుకునేది కూడా వాళ్ళే.

ఇప్పుడు ఊరి సంగతి. భీమవరం అవతల మాకు తెలిసిన ఒక పెద్దాయన తన వరిచేను చేపల చెరువుకి లీజుకిచ్చేశాడు. ఎందుకు బాబాయ్ అంటే, "మావాడికి గ్రీన్ కార్డు వచ్చేసినట్టేనంట. ఇంకెవడొచ్చి చేస్తాడ్రా వ్యవసాయం" అన్నాడు. వచ్చేసినట్టే అంటే ఏంటో ఆరా తీస్తే, కొడుకు కంపెనీ లాయర్‌తో ఒకసారి ఫోన్లో మాట్లాడాడు. అంతే. చెరువు తవ్వడం ఒక్క వేసవి పని. గట్లు పోసి, నీళ్ళు పెట్టి, మేతలు వేసిన నేల మళ్ళీ వరిచేను కావాలంటే ఎంత పెట్టాలో, ఎన్ని పంటలు పోగొట్టుకోవాలో ఆ పెద్దాయనకి నేను చెప్పక్కర్లేదు. చెరువులో డబ్బులుంటే తవ్వుకోనివ్వండి, అది ఆయన ఇష్టం. కానీ ఆ నిర్ణయానికి ఆధారం కొడుకు ఇంకా పెట్టని అర్జీ కాకూడదు.

కొడుకులదే ఇందులో తప్పు ఎక్కువ. ఉద్యోగం పోతే 60 రోజుల్లో కొత్తది వెతుక్కోవాలని, లేకపోతే వచ్చెయ్యాలని ఇంట్లో చెప్పరు. అమ్మకి టెన్షన్ ఎందుకని. ఆ అమ్మేమో వీధిలో అందరికీ మావాడు అక్కడ సెటిలైపోయాడని చెప్పుకుంటుంది. 2025 సెప్టెంబరులో, దేశం బయట ఉన్నవాళ్ళ కోసం పెట్టే కొత్త హెచ్-1బి పిటిషన్లకి 1,00,000 డాలర్లు కట్టాలని ప్రకటించారు. ఆ ఏడాది డిసెంబరు నుంచి హెచ్-1బి వాళ్ళవి, హెచ్-4 మీద ఉండే వాళ్ళ భార్యాపిల్లలవి సోషల్ మీడియా ఖాతాలు కూడా చూడటం మొదలయ్యాక మన దేశంలో ఎంతోమంది స్టాంపింగ్ అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వెనక్కి జరిగాయి. పెళ్ళికని పది రోజులు సెలవు మీద వచ్చినవాళ్ళు ఊళ్ళలో ఇరుక్కుపోయారు. అప్పుడుగానీ చాలా ఇళ్ళల్లో తెలియలేదు, పాస్‌పోర్టులో స్టాంపు వేరు, అక్కడ ఉండటానికిచ్చిన అనుమతి వేరు, గ్రీన్ కార్డు వేరు అని.

వంతు దగ్గరపడి ఐ-485 (గ్రీన్ కార్డుకి మనం పెట్టుకునే ఆఖరి అర్జీ) పెట్టాక కూడా ప్రయాణాల్లో ఒక మెలిక ఉంది. హెచ్-1బి సక్రమంగా ఉండి దానిమీదే తిరిగొస్తే ఫర్వాలేదు. దాన్ని వదిలేసి ఈఏడీ (ఆ అర్జీ నడుస్తుండగా ఇచ్చే పని అనుమతి) మీద పనిచేస్తున్నవాళ్ళు అడ్వాన్స్ పరోల్, అంటే వెళ్ళి తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి, చేతిలో లేకుండా దేశం దాటితే అర్జీ వదులుకున్నట్టే లెక్కేస్తారు. నాన్నకి బాగాలేదని అర్ధరాత్రి ఫోన్ వచ్చినప్పుడు ఈ నియమాలు చదువుతూ కూర్చోలేం. ఇంట్లో పెద్దవాళ్ళుంటే హెచ్-1బి నిలుపుకోవడమే మంచిదని నా సలహా. డిపెండెంట్లు కూడా తమ కాగితాలు విడిగా చూసుకోవాలి.

గల్ఫ్ వెళ్ళినవాళ్ళని చూడండి. కోనసీమ నుంచి కువైట్, మస్కట్ వెళ్ళి ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళకి శాశ్వత నివాసం అనే ఆశే లేదు. అందుకే కాంట్రాక్టు ఎప్పుడు అయిపోతుందో, అప్పటికి స్లాబు పడుతుందో లేదో, పిల్ల చదువు ఎక్కడికొస్తుందో వాళ్ళ నోటి చివర ఉంటుంది. వాళ్ళు పడే కష్టం ముందు మనది ఒక కష్టం కాదు, ఆ పోలిక తేవడానికే సిగ్గుపడాలి. కానీ ఇంట్లోవాళ్ళకి ఉన్నదున్నట్టు చెప్పే విషయంలో వాళ్ళకున్న తెలివిడి మన ఇంజనీర్లకి లేదు. కెనడా, ఆస్ట్రేలియా వెళ్ళినవాళ్ళ బాధలు వేరు. అక్కడ పుట్టిన దేశాన్నిబట్టి వరస లేదు కాబట్టి ఎటూ తేలకుండా ఇన్నేళ్ళు వేలాడరు.

ఈ నిరీక్షణలో నాకు ఎక్కువ బెంగ పిల్లల గురించి. మూడేళ్ళప్పుడు అమ్మ చంకలో ఎక్కి వచ్చిన పిల్ల, తెలుగు బడిలో వేమన పద్యం చెప్పి ప్రైజు తెచ్చుకున్న పిల్ల, 21 నిండాక తండ్రి అర్జీ కింద లెక్కకి రాదు. 2002లో వచ్చిన చట్టం వయసులోంచి ఐ-140 పెండింగులో ఉన్న కాలాన్ని మాత్రం తీసేస్తుంది. అది కొన్ని నెలలు. మన వరసకి ఏ మూలకీ చాలదు. తండ్రి మొదటి ఏడాదిలో అడిగాడా, ఐదో ఏట అడిగాడా అనేది ఆ పిల్లకి అమెరికాలో ఉండటమో, తన వీసా తను వెతుక్కోవడమో అవుతుంది.

మన సంఘం పెద్దల్లో చాలామంది వరస ఇంత పొడుగు లేని రోజుల్లో వచ్చినవాళ్ళు. కొత్తగా వచ్చిన కుర్రాడు అడిగితే "వస్తుందిలేవోయ్, మాకు రాలా?" అని భుజం తడతారు. ప్రేమతోనే అంటారు, కాదనను. కానీ వాళ్ళ అనుభవం ఇప్పుడు పనికిరాదు. వచ్చే సభల్లో ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒక సెషన్ పెట్టమని కార్యవర్గానికి నా విన్నపం. హెచ్-1బి మొదటి రెండేళ్ళలో ఉన్నవాళ్ళని పేరుపేరునా పిలవండి. ఊళ్ళో అమ్మానాన్నలు కూడా వినేలా జూమ్‌లో, తెలుగులో పెట్టండి. అక్కడివాళ్ళకి వీలైన వేళ చూసి పెట్టండి. క్రిందటిసారిలా పక్క హాల్లో సినిమా హీరో ఉన్న టైములో మాత్రం పెట్టకండి.