మూడు హెడ్లున్నాయి, పాటే లేదు

క్యాసెట్ డెక్కు భక్తుల గురించి ఇక ఊరుకోవడం నా వల్ల కాదు. మీకూ అలాంటి మిత్రుడు ఒకడు ఉండే ఉంటాడు. లేకపోతే మీరు అదృష్టవంతులు, ఇది చదవక్కర్లేదు, వెళ్లి హాయిగా ఒక పాట వినండి. అతగాడు చేయని పని అదొక్కటే.

మావాడి దగ్గర పదకొండు డెక్కులున్నాయి. నాలుగు తిరుగుతాయి. మిగతావాటిలో రబ్బరు బెల్టులు కరిగి తారులా అంటుకుపోయాయి. కానీ పాడైపోయాయని అనకూడదు, 'రిస్టోరేషన్‌లో ఉన్నాయి' అనాలి. ఎవరు కొత్తగా డెక్కు సంపాదించానని చెప్పినా అతను మొదట అడిగేది "ఎన్ని హెడ్లు?" అనే. (హెడ్డంటే టేపుకు ఆనుకుని పాటను రాసే, చదివే, చెరిపే ముక్క.) రెండంటే పరీక్ష తప్పిన కొడుకుని చూసినట్టు చూస్తాడు. మూడంటే కుర్చీ వేస్తాడు. మూడో హెడ్డు ఉంటే, రికార్డు అవుతుండగానే టేపు మీద ఏం పడిందో అప్పటికప్పుడు విని సరిచూసుకోవచ్చు. రావణుడికి పది ఉండీ ఈ సదుపాయం లేదు.

పోయిన నెల నన్నూ మరో నలుగుర్నీ 'లిజనింగ్ సెషన్'కి పిలిచాడు.

ముందుగా తలుపు విన్నాం. అవును, తలుపే. మామూలు ప్లేయర్లో ఎజెక్ట్ నొక్కితే మూత ధడేల్మంటుంది. ఇందులో డ్యాంపర్ ఉంది కాబట్టి, మధ్యాహ్నం నిద్ర లేచిన జమీందారు కన్ను విప్పినట్టు నింపాదిగా తెరుచుకుంటుంది. "మళ్లీ" అన్నారెవరో. మళ్లీ తెరిచాడు. ఏడోసారికి ఒక పెద్దమనిషి కళ్లు మూసుకుని తల ఊపాడు. తాళం కూడా వేశాడేమో, చీకట్లో సరిగ్గా కనపడలేదు. చీకటెందుకంటే, శబ్దం స్థాయిని ముల్లుతో చూపే వీయూ మీటర్ల వెలుగు బాగా కనపడాలని లైట్లు ఆర్పేశాడు. పాట లేదు కాబట్టి ముళ్లు రెండూ ఎడమవైపే పడుకుని ఉన్నాయి. వాటినే చూస్తూ కూర్చున్నాం.

తర్వాత మళ్లీ లైట్లు వేసి శుభ్రం చేసే కార్యక్రమం. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో హెడ్లు తుడిచాడు, టేపును లాగే క్యాప్‌స్టన్ తుడిచాడు. టేపును దానికి నొక్కిపట్టే పించ్ రోలర్ దగ్గరికి వచ్చేసరికి, ఆ రబ్బరుకు ఆల్కహాల్ తగలొచ్చా కూడదా అన్న ప్రశ్న మీద సభ రెండుగా చీలింది. ముప్పావుగంట వాదించుకున్నారు. దేశాల సరిహద్దులు ఇంతకంటే తొందరగా తేలతాయి. ఆ వేడి చల్లార్చడానికి ఒకాయన జపాన్ కంపెనీ నాకమిచి వారి ఆర్‌ఎక్స్-505 సంగతి ఎత్తాడు. రెండో వైపు పాడాల్సి వస్తే ఆ డెక్కు క్యాసెట్‌నే బయటికి తోసి, అటు తిప్పి, మళ్లీ లోపలికి లాక్కుంటుందట. మనం చేత్తో చేసే పనే. మోటారు చేస్తే ఫీచర్.

ఇక అసలు ఘట్టం. ఖాళీ టేపు పెట్టాడు. స్స్స్ మంది. టేపు రొదను తగ్గించే డాల్బీ బి నొక్కాడు. పది డెసిబెళ్లు తగ్గి స్స్ అంది. డాల్బీ సి నొక్కాడు. ఇరవై తగ్గి, ఏమీ అనలేదు.

"విన్నారా?" అన్నాడు మావాడు, గొంతు వణుకుతుండగా.

"ఏమిటి?"

"అదే! వినపడటం లేదు కదా!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రం మేం విన్న పెద్ద చప్పుడు అదే.

వీళ్లు మెచ్చుకునే యంత్రాల్ని నేను తక్కువ చేయడం లేదు. నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు కూడా లేని టేపు, సెకనుకు ఐదు సెంటీమీటర్లు కూడా కదలదు. దాన్నుంచి అంత సంగీతం రాబట్టారంటే దండం పెట్టాల్సిందే. 1982లో వచ్చిన నాకమిచి డ్రాగన్ అయితే, ఎవరి టేపు ఎంత వంకరగా రికార్డయినా దానికి తగ్గట్టు తన ప్లే హెడ్డునే సర్దుకుని వింటుంది. మనుషుల్లోనే కరువైన గుణం అది.

ఆ గుణం మీద ఆశతోనే నేను మోసపోయాను. మావాడి దగ్గర డ్రాగన్ లేదు కానీ హెడ్డు వంపు సరిచేసే అజిమత్ స్క్రూ తిప్పడం వచ్చు. నా దగ్గరున్న ఒక పాత క్యాసెట్ దుప్పటి కప్పుకుని మాట్లాడుతున్నట్టు వినపడుతుంటే, కొంచెం స్పష్టంగా చేసి పెట్టమని ఇచ్చాను. అందులో ఉన్నది మా పెద్దమ్మ గొంతు. పిల్లలందరినీ చుట్టూ పోగేసి చెప్పిన కథ. మధ్యలో దగ్గు, "ఒరేయ్, అక్కడ కదలకు" అని నన్ను కసరడం, అన్నీ ఉన్నాయి. దాని మీద ఎవరూ పొరపాటున కూడా రికార్డు చేయకూడదని మా నాన్న అప్పట్లోనే అంచున ఉన్న రెండు ప్లాస్టిక్ ముక్కల్నీ విరిచేశారు.

వారం తర్వాత తిరిగిచ్చాడు. ఆ రెండు కన్నాల మీదా సెల్లోటేపు అంటించి ఉంది.

"టేపు మాత్రం అద్భుతంరా! టైప్ టూ, అచ్చమైన క్రోమ్. ఇప్పుడెక్కడ దొరుకుతుంది? బయాస్ కాలిబ్రేషన్ దీని మీదే చేశా. ఒక్క డ్రాపౌట్ లేదు!"

ఇంటికొచ్చి పెట్టాను. డెక్కుని సరిచూసుకోవడానికి రికార్డు చేసే 400 హెర్ట్జ్ టోన్. కుయ్య్‌మని, ఈ చివర నుంచి ఆ చివరి దాకా, ఎక్కడా వణుకు లేకుండా. తిప్పి రెండో వైపు పెట్టాను. అక్కడా అంతే.

1963లో ఫిలిప్స్ ఈ క్యాసెట్‌ని తెచ్చింది ప్రధానంగా మాటలు రికార్డు చేసుకోవడానికి. సంగీతం స్థాయి దానికి తర్వాత వచ్చింది. మనిషి మాట కోసం పుట్టిన వస్తువు మీద మనిషి మాటనే చెరిపేసి, పైగా రిపోర్టు ఇస్తావా? లేబుల్ మీద పేరు రాసి ఉంది కదా, చదవడం రాదా? రేపు అదే టేపు మీద బంగారు హెడ్డు ఆనించినా అందులోంచి ఎవరు పలుకుతారు? ముళ్లు రెండూ సున్నా దగ్గర కదలకుండా నిలబడ్డాయని మురిసిపోయావే, ఆ ముళ్లు దేని కోసం ఊగాలో నీకు ఒక్కసారైనా తట్టిందా?

ఇదంతా ఫోన్లో అరిచాను కూడా. అతను ఓపిగ్గా విన్నాడు. మూడు హెడ్ల మనిషి కదా, ఓపిక ఉంటుంది. చివరికి అడిగాడు: "అలాంటి క్రోమ్ టేపులు ఇంకేమైనా ఉన్నాయా?"

ఉన్నాయి. ఇవ్వను. నా దగ్గర ఒక చిన్న ప్లేయర్ ఉంది, రికార్డు చేయడం రానిది. మూత ధడేల్మంటుంది, డాల్బీ లేదు, గొంతు కూడా దుప్పటిలోంచే వస్తుంది. హెడ్డు ఒక్కటే. చెరిపే హెడ్డు దానికి పెట్టనే లేదు.